ఒక్కచోట నిలవని నాన్న

"మళ్ళీ ఎక్కడికిరా?" ఆసుపత్రి మెట్ల దగ్గర తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపింది సువార్తమ్మ.

"టీ తెస్తానక్కా."

"ఇందాక తెచ్చిందే ఎవరూ తాగలేదు. చల్లారిపోయింది."

"అయితే మంచినీళ్ళ సీసా తెస్తా," అంటూ ఐజాక్ చెయ్యి విడిపించుకోబోయాడు.

డెంగీ ముదిరి ప్లేట్‌లెట్లు పడిపోవడంతో ఐదేళ్ళ కూతురు హెప్సీని రాజమండ్రి తెచ్చి చేర్చారు. అప్పటినుంచీ అతను కుదురుగా కూర్చున్నది లేదు. మందులకీ, రక్తానికీ తనే పరుగెత్తాడు. భార్య తబిత మాత్రం పిల్ల మంచం పక్కనుంచి కదల్లేదు. తమ్ముడి ఓపిక చూసి మురిసిపోతున్న సువార్తమ్మకి ఇప్పుడే ఏదో అనుమానం వచ్చింది.

"నువ్వు లోపలికెళ్ళి పిల్లని చూశావా?"

ఐజాక్ తల దించుకున్నాడు. "చేర్చాక చూడలేదక్కా. ఇంటికెళ్దామని ఏడుస్తుందంట. నన్నడిగితే ఏం చెప్పను? దాని ముందే ఏడ్చేస్తాను."

"ఏడుపొస్తే ఏడువు. నేను తలుపు దగ్గరే ఉంటాను, పద."

తబిత లేచి అతనికి చోటిచ్చింది. హెప్సీ కళ్ళు తెరిచింది. ఐజాక్ ఏదో అనబోయి, నిజంగానే ఏడ్చేశాడు.

పిల్ల కాసేపు వింతగా చూసి, సెలైన్ పెట్టని చెయ్యి చాపి అతని చెంప తుడిచింది.

"నీకూ సూది వేశారా నాన్నా?"

"లేదు తల్లీ. భయమేసింది."

"అయితే నా దగ్గర కూర్చో," అంటూ హెప్సీ మెల్లగా పక్కకి జరిగింది.