ఆస్పత్రి తోడు

మరిగిన పాలలో తోడు వేశాక గానీ గవర్రాజుకు తాను చేసిన పని తెలిసిరాలేదు. గిన్నె పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ఆ తోడు మామూలుది కాదు, ఆస్పత్రివాళ్ళు ఇచ్చింది. భార్య కనకరత్నం కడుపులో కణితి ఉంది. అందులో కాపురం పెట్టిన సూక్ష్మజీవులు ఎంత మందు ఎక్కించినా తినేస్తుంటే, వాటిని తరిమేసే మంచి జీవులను పెరుగులో పెట్టి పంపారు. రోజూ ఇంట్లో తోడేసుకుని తినాలి, ఎవరికీ ఇవ్వకూడదు. క్యాన్సరున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే తంతు.

"చంపేశానే," అన్నాడు నీరుగారిపోయి. "కొత్తది రావాలంటే పది రోజులు. సోమవారమే నీకు మందెక్కించాలి."

కనకరత్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. "పక్కింటి అచ్చియ్యమ్మగారినడిగి పట్రండి. మొన్న నేనే ఇచ్చాను."

"ఇవ్వొద్దన్నారు కదే."

"గిన్నె పట్టుకుని గుమ్మంలో నుంచున్న మనిషికి తోడు లేదని ఎలా చెప్పనండీ?"

గవర్రాజు గిన్నెతో పరిగెత్తాడు. అచ్చియ్యమ్మ నిండుగా పెట్టి, "ఈ పెరుగొచ్చాక మా ఆయన చారు ముట్టుకోవడం లేదు బాబూ," అని మురిసిపోయింది.

సోమవారం ఆస్పత్రిలో నర్సు ఆ పెరుగులో పరీక్ష కాగితం ముంచింది. అది నీలంగా మారింది, అంటే జీవులు బతికే ఉన్నాయి. నెల తిరిగేసరికి కణితి సగమైంది.

"భలే కాపాడుకొచ్చారండీ," అంది నర్సు. "తోడు ఎవరికీ ఇవ్వలేదు కదా?"

గవర్రాజు భార్య వైపు చూడకుండా జవాబిచ్చాడు.

"ఇవ్వడమా? మేమే పక్కింట్లో అడిగి తెచ్చుకున్నామమ్మా."