మన పిల్లికి మా నాన్న ఒప్పుకోడు

“ఆపు! ఆపు! కాస్త వెనక్కి తిప్పు!”

సోఫాకి ఓ మూల పుస్తకంలో తల దూర్చి కూర్చున్న ప్రూఫ్‌రీడర్ ఒక్కసారిగా తలెత్తి అరిచాడు. రెండో మూల కూర్చున్న భార్య రిమోట్ నొక్కింది. టీవీలో కొరియా అమ్మాయి గొడుగు కింద కళ్ల నిండా నీళ్లతో ఆగిపోయింది. ఆమె కింద తెలుగు అక్షరాలు కూడా ఆగిపోయాయి.

“మన పిల్లికి మా నాన్న ఒప్పుకోడు.”

“పెళ్లి! పిల్లి కాదు, పెళ్లి! ఆ పిల్ల అంతలా ఏడుస్తున్నది పిల్లి కోసమా?”

“అర్థమైందిగా! కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి,” అంది ఆవిడ నవ్వు ఆపుకుంటూ.

“మరి నిన్నటి ఎపిసోడ్‌లోనో? ‘నా గుండు నీ కోసమే కొట్టుకుంటోంది’ అన్నాడా హీరో. గుండు ఎక్కడైనా కొట్టుకుంటుందా?”

“కొట్టించుకుంటారు.”

ఆయనకి నవ్వు రాలేదు. పొద్దుట్నుంచీ ప్రెస్సులో పక్కవాళ్ల తప్పులు దిద్ది దిద్ది కళ్లు మండుతున్నాయి. ఇంటికొచ్చి చేసేదీ చదవడమే. ఈ నెలలో దీపస్తంభం కాపలావాడి ఆత్మకథ ఒకటి, జైల్లోంచి ఎవరో కూతురికి రాసిన ఉత్తరాలు ఒకటి, తొమ్మిదొందల పేజీల యుద్ధం నవల ఒకటి పూర్తి చేశాడు. అదే నెలలో ఆవిడ మూడు కొరియన్ సీరియళ్లు పట్టింది. లాయర్లది ఒకటి, వంటవాళ్లది ఒకటి, ఇప్పుడీ ప్రేమ కథ. ఆయన పక్కన కూర్చుంటాడే గానీ సీరియల్ చూడడు. అయినా తెర మీద తప్పు పడిందంటే చాలు, ఓరకంటికి ఇట్టే దొరికిపోతుంది. అలవాటైన ప్రాణం మరి.

“ఇది పద్నాలుగో ఎపిసోడ్, పద్నాలుగో తప్పు. ఎపిసోడ్‌కి ఒకటి, ఠంచనుగా! అన్నీ రాసిపెట్టాను,” అంటూ ఫోన్ తీశాడు. “మిగతా తెలుగు చూస్తే ముచ్చటేస్తుంది. అంత చక్కగా రాసేవాడికి ఇది కనబడదా? పొగరు కాకపోతే!”

“అలిసిపోయుంటారు, పాపం.”

“నేను అలిసిపోవట్లేదూ? నేనెప్పుడైనా పిల్లిని వదిలానా?”

ఆయన ఆ సీరియల్‌కి తెలుగు అక్షరాలు వేసే కంపెనీకి మెయిల్ కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూనే పైకి చదివాడు. “భాష మీద ఇంత నిర్లక్ష్యం ఉన్న ఈ మనిషిని వెంటనే తొలగించవలసిందిగా...”

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

“తొలగించడం దాకా ఎందుకండీ? ఎవరి పొట్టో కొట్టినట్టవుతుంది. వాళ్లింట్లో ఏం కష్టముందో ఏమో.”

“ఏం కష్టముంటే పెళ్లి పిల్లి అవుతుంది?”

ఆయన మెయిల్ పంపేశాడు. పెద్ద పని అయిపోయినట్టు ఊపిరి వదిలి, మళ్లీ పుస్తకం తెరిచాడు.

“టీ పెట్టనా?”

“ఊఁ.”

“వద్దా?”

“ఊఁ.”

“నేను ఇల్లొదిలి పోతున్నా.”

“ఊఁ.”

ఆవిడ రిమోట్ నొక్కింది. కొరియా అమ్మాయి ఏడుపు అందుకుంది.

మూడో రోజు సాయంత్రం ప్రూఫ్‌రీడర్ చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు, ఫోన్ ఎత్తి పట్టుకుని.

“చూశావా, జవాబిచ్చారు! ‘మీ ఫిర్యాదు సరైనదే. సదరు అనువాదకురాలు తన తప్పులు ఒప్పుకున్నారు. ఆమెను ఈ రోజు నుంచి పనిలోంచి తొలగించాం.’ అనువాదకురాలట!” అని కాస్త తగ్గాడు. “ఆడమనిషని అనుకోలేదు.”

టీవీ కట్టేసి ఉంది. భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ మూసేసి, ఆవిడ హెడ్‌ఫోన్ల తీగ చుట్టుకుంటోంది.

“నాకూ వచ్చిందండీ ఆ మెయిల్,” అంది.

“నీకెందుకొస్తుంది?”

“తీసేసింది నన్నే కాబట్టి.”

ఆయన లాప్‌టాప్ వైపు చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ బల్ల దగ్గర కూర్చుని ఆవిడ పనిచేసుకుంటూనే ఉంది. వస్తూ పోతూ ఆయన చూస్తూనే ఉన్నాడు.

“నువ్వు... నువ్వు చేసేది ఏదో టైపింగ్ కదా?”

“ఏం టైపింగో చెప్పాను. అప్పుడు మీరు యుద్ధంలో ఉన్నారు.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. సిగ్గుతో తల వాలిపోయింది. నా చేత్తో నేనే దాని పని ఊడగొట్టానే అనుకున్నాడు. తనకి తెలిసిన విద్యనే పట్టుకున్నాడు.

“అయినా నీకు తప్పులు రావే! పెళ్లి కాకముందు నువ్వు రాసిన ఉత్తరాల్లో ఒక్క అక్షరం దిద్దలేకపోయాను. నీ చేతికి అలాంటి తప్పులు ఎలా వచ్చాయి?”

“రాలేదండీ. పెట్టాను.”

“కావాలనా? ఎందుకు?”

ఆవిడ తీగ చుట్టడం ఆపలేదు. గొంతులో కోపం కూడా లేదు, ఉన్నదల్లా అలసటే.

“ఆ తప్పు దగ్గరైనా మీరు తలెత్తి నాతో మాట్లాడతారని.”