చివరి వరుస కుర్చీ

తెల్లారితే పీహెచ్‌డీ వైవా. ఖాళీ సెమినార్ హాల్లో ఆమె ఒక్కతే నిలబడి రిహార్సల్ చేసుకుంటోంది. మనిషి లేస్తే వాటంతటవే పైకి మడుచుకునే కుర్చీలవి. చివరి వరుసలో ఒకటి మాత్రం కిందికి దిగి ఉంది.

"బాబాయ్, అది పాడైందా?" అని గుమ్మం దాకా వచ్చిన వాచ్‌మన్‌ని అడిగింది.

"లేదమ్మా. మనిషి కూర్చుంటేనే దిగుతుంది," అని అతను అటు చూడకుండానే వెళ్ళిపోయాడు.

అయినా ఆమె రిహార్సల్ ఆపలేదు. 'ఇందులో కొత్తేముంది?' అన్న ప్రశ్నకు ఆరేళ్ళుగా ప్రతి సమీక్షలోనూ నీళ్ళు నమిలిన మనిషి, ఈసారి తడుముకోకుండా జవాబు చెప్పేసింది.

టప్‌మని ఆ కుర్చీ మడుచుకుంది.

తర్వాత మొదటి వరుసలో, సరిగ్గా ఆమెకెదురుగా, ఇంకో కుర్చీ మెల్లగా కిందికి దిగింది.

ఆమెకు నవ్వొచ్చింది.

"అడగండి సార్. మీకే చెప్పగలిగితే, రేపు వాళ్ళొక లెక్కా?"