పుస్తకాల అలమర

"పుస్తకాల అలమరకి నాలుగు పక్కలా కటకటాలెందుకండీ, అల్లుడుగారూ?"

బాల్కనీ గుమ్మంలో నిలబడి అడిగింది సుబ్బులు. వినయ్ పైన్ చెక్క మీద గరుకు కాగితం రుద్దడం ఆపలేదు.

"పుస్తకాలు పడిపోకుండా, అత్తయ్యగారూ."

"మూలలు కూడా గుండ్రంగా అరగదీస్తున్నారు. పుస్తకాలకి దెబ్బ తగులుతుందనా?"

వినయ్‌కి ఒళ్ళు మండింది. కూతురు ఆమనికి పురుడు పోయడానికి ఆవిడ అశోక్‌నగర్ వచ్చి నెలయింది. వచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే చట్టం. బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డ పేరున దారప్పోగు కూడా గడప దాటి లోపలికి రాకూడదు. ఆమని ఆఫీసువాళ్ళు ఇచ్చిన చిట్టి మేజోళ్ళని ఆ పూటే వాచ్‌మన్ మొగిలయ్య ఇంటికి పంపేసింది. ఇక ఇది బిడ్డకి చేస్తున్న మంచమని తెలిస్తే ఊరుకుంటుందా? తన చేత్తో చేసిన మంచంలోనే తన బిడ్డ పడుకోవాలని వినయ్ పంతం. నెలలు నిండటానికి పది రోజులే ఉన్నాయి. రంగు వాసన పోవడానికే వారం కావాలి.

"అశోక్‌నగర్‌లో గల్లీ గల్లీకీ పుస్తకాలమ్ముతారమ్మా. కొన్నవన్నీ ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది ఆమని, భర్తని ఆదుకోబోతూ.

"ఆయన పుస్తకం పట్టుకోగా నేను చూడలేదే."

అప్పుడే మొగిలయ్య రంగు డబ్బాతో వచ్చాడు. "సార్, చిన్నపిల్లలు నోట్లె పెట్టుకున్నా ఏం గాని రంగు తెమ్మంటిరి గదా. నారాయణగూడల మూడు దుకాన్లు తిరిగిన. పరేషాన్ అయిన."



"చెదపురుగుల కోసం," అన్నాడు వినయ్, డబ్బా లాక్కుంటూ.

"అవి తిన్నా ఏమీ కాకూడదనా? ఎంత జాలిగుండె," అంది సుబ్బులు. "ఎల్లుండికి రంగు ఆరుతుందిగా. ఆ సాయంత్రానికి దీన్నిండా పుస్తకాలు కనిపించాలి. లేదంటే మొగిలయ్య ఇంట్లో దీనికి బోలెడు చోటుంది."

వినయ్ పళ్ళు నూరుకుంటూ చెక్క సందులు పూడ్చే లప్పం పెట్టాడు, ప్రైమర్ కొట్టాడు, లేత పసుపు రంగు రెండు పూతలు వేశాడు. ఎల్లుండి రానే వచ్చింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ఏరితే పదకొండు తేలాయి, అందులో రెండు వంటలవి. నిలబెడితే పడిపోతున్నాయి. పడుకోబెడితే మంచంలో ఓ మూలకి సరిపోయాయి.

సుబ్బులు వచ్చి కటకటాల్లో ఒక్కో చెక్కనీ పట్టుకుని లాగి చూసింది. మంచం అడుగు చెక్క మీద అరచెయ్యి బలంగా నొక్కింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

"అయిపోయింది. మొగిలయ్యకి ఫోన్ చేయడానికే వెళ్ళింది," అంది ఆమని.

"చేసుకోనీ. నేను కదలనివ్వను," అన్నాడు వినయ్. అని మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అణచుకున్న కోపమంతా ఇవాళ ఆవిడ మీద వెళ్ళగక్కాలనే ఉంది.

సుబ్బులు చంకలో మూటతో తిరిగొచ్చింది. అతన్ని పక్కకి జరగమని చేత్తోనే చెప్పింది. పదకొండు పుస్తకాలూ తీసి కింద పెట్టి మూట విప్పింది. పాత నూలుచీరలతో కుట్టిన బొంత, మంచానికి అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

"చెక్క గట్టిగా ఉంది. బొంత అంచులు నిన్న రాత్రే కొలిచి మడిచాను, దీని మీద పెట్టుకోండి," అంది అల్లుడి మొహం చూడకుండా. "వచ్చిన రోజు నుంచీ కుడుతున్నాను, మీ పుస్తకాల వీపు కందిపోకుండా."