ఫోటోలో లేనివాడు

“ఇక చాలించు పెద్దాయనా! వచ్చినవాళ్ల ఫోన్లన్నీ అడిగి చూస్తుంటే ఎవరికైనా ఒళ్లు మండదూ? ఇంకొక్క ఫిర్యాదు వస్తే నిన్ను ఈ కొండెక్కనివ్వద్దని పైవాళ్లు చెప్పేశారు,” అంది పార్కు రేంజర్ కోరీన్.

“అడుగుతున్నానంతే కదమ్మాయ్, లాక్కుంటున్నానా?” అన్నాడు డెల్బర్ట్.

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆకులు ఎర్రబడే రోజులు. వ్యూపాయింట్ దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు లేదు. జనం రాతిగోడ మీద కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి ఫోన్లిచ్చి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఎవరి సరదా వాళ్లది.

కోరీన్ అటు తిరిగిందో లేదో, డెల్బర్ట్ ఒక నడివయసు జంట దగ్గరికి వెళ్లాడు. “పోయినేడు కూడా వచ్చారా?”

“మేం ఏటా వస్తాం. మా పెళ్లిరోజుకి,” అన్నాడు కర్ట్ అనే ఆ పెద్దమనిషి.

“పోయినేడు పెద్ద వాన పడింది చూడండీ, ఆ మర్నాడు?”

“ఆ రోజే!” అంది అతని భార్య డెనీస్.

డెల్బర్ట్ ఒక అడుగు దగ్గరికి జరిగాడు. “ఆ సాయంత్రమే మా అబ్బాయి ట్రావిస్ ట్రక్కు కింది మలుపులో లోయలో పడిపోయిందమ్మా, వాడు దక్కలేదు. పొద్దున నాతో పోట్లాడి వెళ్లాడు. ఆ మలుపు దాటాకే దారి రెండుగా చీలుతుంది. ఒకటి మా ఇంటికి, రెండోది ఒహాయోకి. ఇంటికొస్తున్నాడో, నన్నొదిలేసి పోతున్నాడో తెలీక చస్తున్నాను. వాడి మొహం కనిపిస్తే చాలు, నాకు తెలిసిపోతుంది. దారిలో ఇక్కడ ఆగి ఉంటే మీ ఫోటోల్లో వెనకాలెక్కడన్నా ఉన్నాడేమో చూడనిస్తారా?”

ఇదంతా వింటూనే కోరీన్ చూడనట్టు నిలబడింది.

డెనీస్ గబగబా ఫోన్ తీసింది. అదే గోడ, అదే జంట, వరసగా చాలా ఫోటోలు. వెనక కొండలే తప్ప నరమానవుడు లేడు. డెల్బర్ట్ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లి చివరిదాని దగ్గర ఆగాడు. ఫోటో తీసినవాడి నీడ వాళ్ల కాళ్ల దాకా పొడుగ్గా పడి ఉంది. ఎడమ భుజం కాస్త వాలి ఉంది.

“ఇవెవరు తీశారమ్మా?”

“ఎవరో అబ్బాయి. పొడుగ్గా ఉన్నాడు, పాపం చాలా మంచివాడు. ఒకటి తీసి ఇచ్చేయబోయాడు. ఈయన ఊరుకుంటేనా! ఎండ బాగుంది ఇంకొకటి, కళ్లజోడు తీసి ఇంకొకటి అంటూ కింద రోడ్డు మీద పొగమంచు దిగేదాకా నిలబెట్టేశాడు. ‘వెళ్లాలండీ, మా నాన్న ఎదురుచూస్తుంటాడు’ అని ఆ అబ్బాయి మొత్తుకుంటున్నా...”

డెనీస్ డెల్బర్ట్ మొహంలోకి చూసింది. “అయ్యో దేవుడా! ఆ మంచులోకి మేమే పంపించామా? అతను... అతను మీ అబ్బాయా?”

కర్ట్ ఫోన్ మీదికి వంగి ఆ నీడని చూశాడు.

డెల్బర్ట్ ఫోన్ ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు. “కాదమ్మా. మావాడు పొట్టివాడు, నా అంతే ఉంటాడు. అతనెవరో వేరే. మీరేం మనసులో పెట్టుకోకండి. మలుపు దగ్గర మాత్రం నెమ్మదిగా పోనివ్వండి.”

వాళ్ల కారు కనుమరుగయ్యాక కోరీన్ దగ్గరికొచ్చింది. “ట్రావిస్ పొట్టివాడా? మా ఇంటికొచ్చినప్పుడల్లా గుమ్మానికి తల కొట్టుకునేవాడు! ఎందుకలా చెప్పావు పెద్దాయనా?”

“ఇంటికే వస్తున్నాట్టమ్మాయ్!” అని డెల్బర్ట్ భోరుమన్నాడు.