ఎవరొత్తిన కాళ్లు

పెళ్లయిన పదేళ్లుగా, మగ్గం గుంటలోంచి లేవగానే ఉప్పలయ్య పెళ్లాన్ని అడిగేది ఒక్కటే: "అనసూర్యా, జర కాళ్లొత్తు."

నెల రోజులుగా ఆ మాటే లేదు. పైగా మోకాళ్లు పట్టుకుని మూలిగే మనిషి, ఇప్పుడు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేలకు చేయి ఆనించకుండానే లేస్తున్నాడు.

ఎవరో ఒత్తుతున్నారు. పొద్దుగూకకముందే చేనేత సొసైటీ షెడ్డుకని పోయేది అందుకే. సిద్దిపేటలో ఏ ఆడమనిషి చేతులు చూసినా అనసూర్యకు కడుపు మండిపోతోంది.

ఆ సాయంత్రం వెనకాలే వెళ్లి షెడ్డు తలుపు తోసింది.

ఉప్పలయ్య ఒక్కడే ఉన్నాడు. గోనెసంచి చుట్టిన గుండ్రటి దుంగ మీద పిక్కలు ఆనించి, ముందుకూ వెనక్కూ దొర్లిస్తున్నాడు.

"గిదేంది? నా చేతులకేమొచ్చింది?"

అతను తల ఎత్తలేదు. "నీ చేతులకలవాటైతే గాడ కష్టమైతది. బొంబాయి పక్క భీమండిల కరెంటు సాంచె మగ్గాల కాడ పన్నెండు గంటలు నిలబడాలె. గుంటల కూసున్న కాళ్లాయె. గీ దుంగతోని జర సాగుతున్నయి, బలమొస్తుంది. ఐతారం పోతున్న. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

మొగుణ్ని లాక్కుపోయేది ఊరు కాక ఆడదే అయి ఉంటే, జుట్టు పట్టుకుని కొట్లాడైనా వెనక్కి తెచ్చుకునేది.

అనసూర్య దుంగను కాలితో పక్కకు నెట్టి, అతని కాళ్లు ఒళ్లోకి లాక్కుంది.

"ఐతారం దాంక నేనే ఒత్తుత."