తొక్కు, ఒగ్గు

పెడల్ అడుగంటా తొక్కినా గేరు పడలేదు. లోపలెక్కడో పళ్ళు కొరికినట్టు గర్రుమంది. స్టీరింగు ముందు కూర్చున్న త్రినాథరావు ఇంజను ఆపేసి, అద్దంలోంచి ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టును చూస్తూ, "కొత్త క్లచ్చేసినా ఇడవట్లేదని సెప్పు" అన్నాడు.

చెప్పవలసినవాడు కారు పక్కన నిలబడ్డ ప్రేమ్‌కుమార్. వినవలసినవాడు ఆ కారు కిందే వెల్లకిలా పడుకుని ఉన్న యుగంధర్. ముగ్గురూ అన్నదమ్ములు. జీడితోట పంపకంలో పెద్దవాళ్ళిద్దరికీ మాటలు పోయాయి. తోటలో గట్టు వేసుకున్నారు, ఇంటి మధ్య గోడ పెట్టుకున్నారు. తండ్రి నడిపిన పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారును మాత్రం ఎలా పంచుకోవాలో తెలియక ఉమ్మడిగా ఉంచేశారు. అప్పటినుంచి ఒకరి మాట ఇంకొకరికి మోసేది ప్రేమ్‌కుమారే.

ఆవేళ అతని పెళ్ళి. సుమ్మాదేవిలో ఆడపెళ్ళివారింట, మధ్యాహ్నం లోపే ముహూర్తం. చుట్టాలంతా పొద్దున్నే లారీలో వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకు నాన్న కారులోనే రావాలని త్రినాథరావు పట్టుబట్టి, పలాస నుంచి మెకానిక్కుని పిలిపించాడు. అతను ముందురోజు పొద్దు వాలుతుంటే కొత్త క్లచ్ ప్లేటు బిగించి, ఇంకో ఊళ్ళో పని ఉందని నడిపి చూడకుండానే వెళ్ళిపోయాడు.

"లైన్ల గాలుండిపోనాది. పైనొకలు తొక్కితే కిందొకలు తియ్యాలని సెప్పు" అన్నాడు యుగంధర్ కింద నుంచి.

ప్రేమ్‌కుమార్ చెప్పాడు. ఆ కారు క్లచ్ నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. గొట్టంలో గాలి చేరితే కాలి బలం లోపలికి అందదు. పైన ఒకరు తొక్కిపట్టి ఉంచాలి. కింద ఒకరు గొట్టం చివరనున్న చిన్న సిలిండరు మర సడలించి, గాలి పోనిచ్చి, మళ్ళీ బిగించాలి. ఆ తరవాతే పైవాడు కాలు తీయాలి. కాస్త ముందే తీశాడా, పోయిన గాలి తిరిగొస్తుంది.

"తొక్కమను."

"తొక్కమంటన్నాడు, పెద్దన్నియ్యా."

"తొక్కీసినానని సెప్పు."

"తొక్కీసినాడంట."

"నే సెప్పినదాకా పెడలు ఒగ్గొద్దను."

కబురు పైకెక్కి కిందికి దిగేలోపు ఏదో ఒకటి తేడా వచ్చేది. ఒకసారి మర బిగించకముందే త్రినాథరావు కాలు తీసేశాడు. ఇంకోసారి నూనె చిమ్మి యుగంధర్ మొహాన పడింది. తొక్కడం కూడా చేతకానివాడితో పనిచేస్తే ఇంతేనని అతను సణిగాడు. అది మోయాలా మానాలా అని ప్రేమ్‌కుమార్ ఆలోచించి, మానేశాడు.

ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె కోసం పెళ్ళికి వెళ్ళకుండా ఆగిపోయిన మేనత్త కాంతం అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ముహూర్తం దాటిపోతే పిల్ల తండ్రికి ఏం జవాబు చెబుతారని అడిగింది.

త్రినాథరావు మళ్ళీ ఇంజను తిప్పాడు. మళ్ళీ అదే గర్రు. ప్రేమ్‌కుమార్ బుగ్గచుక్క చెమటకి కరిగి గడ్డం దాకా జారింది.

త్రినాథరావు కాసేపు పెడల్ని కాలితో మెల్లగా ఆడిస్తూ కూర్చున్నాడు. తరవాత దిగి, పట్టుపంచెతోనే మట్టిలో మోకాళ్ళూని కారు కిందికి తొంగిచూశాడు.

"గాలి తీసే మర పైకున్నాదా, కిందకున్నాదా?"

ఆ ప్రశ్నని అందుకోవడానికి ప్రేమ్‌కుమార్ నోరు తెరిచాడు. ఈలోగా కారు కింద నుంచి జవాబు వచ్చేసింది.

"కిందకే ఉన్నాది."

"సిలిండరు తిరగేసి బిగించీసినాడ్రా ఆడు. గాలి పైనుంటాది, మర కిందుంటే ఎలాగొత్తాది?"

"నిజిమే. ఆ పానా ఇలాగియ్యి."

త్రినాథరావు పానా అందించాడు. తను కదిలినా, దగ్గినా వాళ్ళకి పాత సంగతి గుర్తొచ్చేస్తుందేమోనని ప్రేమ్‌కుమార్‌కి భయం వేసింది. ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ అరుగు దగ్గరికి చేరాడు.

యుగంధర్ సిలిండరు విప్పి, సరిగా తిప్పి బిగించాడు. త్రినాథరావు మళ్ళీ స్టీరింగు ముందుకి ఎక్కాడు.

"తొక్కు."

"తొక్కీసినాను."

"ఉండు... వత్తన్నాది గాలి. ఇప్పుడొగ్గు."

మధ్యలో ఎవరూ లేరు. మాట వెనకే మాట వెళుతోంది. నాన్నే ఉంటే ఆ మెకానిక్కు ఈపాటికి పలాస వదిలి పారిపోయేవాడని త్రినాథరావు అన్నాడు. కారు కింద యుగంధర్ నవ్వాడు. ఆ నవ్వు వినగానే కాంతం పమిట చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

యుగంధర్ కారు కింద నుంచి బయటికి వచ్చాడు. ఈసారి గేరు చప్పుడు లేకుండా పడింది. కారు ముందుకి కదిలింది, ఆగింది, వెనక్కి వచ్చింది. పొలం నీళ్ళ సంగతితో మొదలుపెట్టి అన్నకి ఏదో చెబుతూనే యుగంధర్ చేతులు తుడుచుకున్నాడు.

కాంతం ఇంకా కళ్ళొత్తుకుంటుండగానే ప్రేమ్‌కుమార్ ఆమె వెనక నుంచి లోపలికి పరుగెత్తాడు. మొహం కడుక్కుని, అద్దం ముందు బుగ్గచుక్క మళ్ళీ దిద్దుకుని, కండువా సవరించుకున్నాడు. బయట కారు తలుపులు రెండూ పడ్డాయి. ఇంజను గొంతు ఒక గేరు నుంచి ఇంకో గేరుకి ఎక్కడా తడబడకుండా మారుతూ పోయింది. వినడానికి ఎంతో హాయిగా ఉంది.

అతను బయటికి వచ్చేసరికి వాకిలి ఖాళీగా ఉంది. కొబ్బరితోట అవతల కారు రోడ్డెక్కి, సుమ్మాదేవి వైపు తిరుగుతోంది.

"నువ్వు ఎనక సీట్ల కూకున్నావనుకున్నాను కదరా నాయినా" అంటూ కాంతం అరుగు దిగి, కేక పెట్టడానికి చేయెత్తింది.

ప్రేమ్‌కుమార్ ఆ చేయి పట్టుకుని ఆపాడు.

"పిలవకత్తా. ఆళ్ళిద్దరూ మాటాడుకుంటన్నారు."